రెండు బ్యాటరీలు తిన్న అరవై రూపాయల సాకెట్

పొద్దుగాల నాలుగున్నర. గుర్రంపోడు దాటినంక ఒక బత్తాయి తోట కాడ బండి ఆపి ఫోన్ మాట్లాడిన. ఐదు నిమిషాలు కూడా కాలే. మళ్ల సెల్ఫ్ కొడితే "టక్" అన్నది. ఇంకోసారి కొడితే టకటకటకమని సీటు కింద ఎవరో తలుపు కొట్టినట్టు చప్పుడు. మీటర్ బోర్డుల లైట్లు మసక మసకయి మొత్తానికే ఆరిపోయినయి. కిక్కు ఇరవై సార్లు కొట్టిన, ఉలుకు లేదు పలుకు లేదు. ఆఖరికి తోట కావలి తాతను లేపితే, ఆయన వెనక నుంచి నూకిండు, నేను రెండో గేరుల క్లచ్ వదిలిన. బండి స్టార్టయింది గని తాత చెప్పు తెగింది.

నాది బత్తాయి తోటలు గుత్తకు మాట్లాడే పని. కనగల్, గుర్రంపోడు, హాలియా, చండూరు, ఎటు రమ్మంటే అటు పోవుడే. కాయ చూసుడు, రేటు మాట్లాడుడు, హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్ల ఇయ్యాళ ఎంత పలికిందో ఫోన్ల అడుగుడు. రోజుకు ఎనభై, వంద కిలోమీటర్లు తిరుగుత. బండి 150 సీసీది, 2018 మోడల్. దాంతోని నాకు పేచీ లేదు. పేచీ అంతా బ్యాటరీతోనే.

కంపెనీ నుంచి బండితోని వచ్చిన బ్యాటరీ నాలుగున్నరేండ్లు నడిచింది. నల్లగొండ ఎండలకు అది మంచిగ నడిచినట్టే లెక్క. రెండోది ఏడాదిన్నర కాకముందే పండుకున్నది. ఇగ ఆ తోట కాడ చేతులెత్తేసింది మూడోది, కొని ఏడు నెలలు. వారంటీ ఉన్నది గదా అని కొన్న షాపుకు పోయిన. ఆయన టెస్టర్ పెట్టి చూసి, "బ్యాటరీల ఏం లేదన్నా, నీ బండి ఛార్జింగ్ చేస్తలేదు. ఇది వారంటీకి రాదు" అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. పైసలు ఎగ్గొట్టనీకె చెప్తున్నడనుకున్న. తర్వాత తెలిసింది, ఆయన చెప్పిన దాంట్ల సగం నిజమే ఉన్నదని.

అక్కడి నుంచి ఒక మెకానిక్ కాడికి పోయిన. పిల్లగాడు సెల్ఫ్ ఒకసారి కొట్టి చూసి, "ఆర్ఆర్ యూనిట్ పోయిందన్నా" అన్నడు. ఇంజన్ల పుట్టిన కరెంటును సరిజేసి బ్యాటరీకి పంపే డబ్బా అది. మీటర్ పెట్టలే, వైరు ముట్టలే. సరే మార్చమన్న. 1,100 రూపాయలు. పాతది సంచిల వేసి ఇచ్చిండు. బండి మూడు దినాలు బంగారం లెక్క నడిచింది. నాలుగో నాడు పొద్దుగాల మళ్ల టక్.

ఆ మూడు దినాలు ఎందుకు నడిచిందో అప్పుడు నాకు అర్థం కాలే. ఆ ముచ్చట తర్వాత చెప్త.

ఇగ ఎవల మీద నమ్మకం లేక, క్లాక్ టవర్ కాడ 350 రూపాయలకు ఒక మల్టీమీటర్ కొనుక్కొచ్చిన. పసుపు రంగుది, నడుమ గుండ్రటి బుడిపె. పదో తరగతిల చదివిన కరెంటు పాఠం తప్ప నాకు వేరే ఏం రాదు. ఫోన్ల వీడియోలు చూసి, ఆదివారం పొద్దున ఇంటి ముందర సైడ్ డూములు, అంటే పక్క మూతలు, ఇప్పి కూసున్న. మా ఇల్లు పానగల్ దిక్కు.

ముందు చేసిన తప్పు చెప్తే సిగ్గనిపిస్తది గని, ఇంకొకరు చేయొద్దని చెప్తున్న. మీటరుకు కింద మూడు రంధ్రాలు ఉంటయి. నల్ల వైరు ఎప్పుడూ ఒకే దాంట్ల. ఎర్రది వోల్టులు చూసేటప్పుడు నడిమి దాంట్ల పెట్టాలె, ఆంపియర్లు చూసేటప్పుడు 10 ఏ అని రాసి ఉన్న దాంట్ల పెట్టాలె. నేను ఏదో చూద్దామని ఎర్రదాన్ని 10 ఏ దాంట్ల పెట్టి మర్చిపోయిన. అట్లనే తీసుకపోయి బ్యాటరీ ప్లస్‌కు, మైనస్‌కు ఆనిచ్చిన. పట్‌మని నిప్పు లేచింది. ఎర్ర పుల్ల కొన వంకర పోయి నల్లగయింది, వైరు చెయ్యికి సుర్రుమన్నది. ఆ రంధ్రంల ఉంటే ఎర్ర, నల్ల పుల్లల నడుమ మీటరు ఒట్టి తీగ లెక్కనే పని చేస్తదంట, అంటే బ్యాటరీని నేనే షార్ట్ చేసిన. ఆ రంధ్రం పక్కన ఫ్యూజు లేదని ఇంగ్లీషుల చిన్న అక్షరాలతోని రాసే ఉన్నది. ఎవడు చదువుతడు? మా ఇంటామె బయటికొచ్చి చూసి, "ఇంకో బ్యాటరీకి పైసలు ఇప్పుడే తీసి పెట్టాల్నా" అని లోపలికి పోయింది.

రెండో ప్రయత్నం జాగ్రత్తగ చేసిన. బండి బందున్నప్పుడు బ్యాటరీ 11.9 వోల్టులు చూపిచ్చింది. 12 వోల్టుల బ్యాటరీ అంటే 12 ఉంటే చాలనుకునేటోన్ని. కాదు. దాంట్ల ఆరు గదులుంటయి, ఒక్కోటి 2.1 వోల్టులు. అంటే నిండుగున్న బ్యాటరీ 12.6 నుంచి 12.8 చూపియ్యాలె. 12.2 అంటే సగమే ఉన్నట్టు. 12 కంటే దిగితే దాదాపు అడుగంటినట్టే. నాది అడుగంటింది.

పక్కింటి నుంచి చిన్న ఛార్జర్ తెచ్చి రాత్రంతా పెట్టిన. బ్యాటరీ మీద 9 ఏహెచ్ అని ఉంటే, అది దాంట్ల ఎంత కరెంటు పడుతదో చెప్పే లెక్క, దాంట్ల పదో వంతు, అంటే 0.9 ఆంపియర్ల కాడ నిదానంగ ఎక్కియ్యాలె. కారు బ్యాటరీల షాపుల పెద్ద ఛార్జరుకు తగిలిచ్చి గంటల నింపితే వేడెక్కి లోపల పలకలు ఖరాబయితయి. తెల్లారి ఛార్జర్ తీసి, రెండు మూడు గంటలు ఊకె ఉంచి చూస్తే 12.5. వెంటనే చూస్తే 13 పైన చూపిస్తది, దాన్ని నమ్మొద్దు, అది మీద మీద నురగే. సెల్ఫ్ కొడుతుంటె ఇంకొకరిని మీటర్ చూడమన్న. 9.6 దాక దిగి లేచింది. 9.5 కంటే కిందికి దిగితే బ్యాటరీల బలం లేనట్టని చెప్తరు. నాది కొనమీద ఉన్నది.

అసలు పరీక్ష తర్వాత. బండి స్టార్ట్ చేసి, మీటర్ బ్యాటరీకే పెట్టి చూసిన. స్లోల 12.3. రేస్ ఇచ్చి నాలుగు వేల ఆర్‌పీఎం కాడ పట్టుకుంటె 12.9. అంతకు మించి ఎక్కలే. ఎక్కాల్సింది 13.5 నుంచి 14.8 నడుమ. అంటే ఇంజన్ నడుస్తున్నంత సేపు కూడా బ్యాటరీకి అందేది అరకొరే. పైన ఖర్చు చూస్తే హెడ్‌లైట్ ఒక్కటే 35 వాట్లు, దగ్గర దగ్గర మూడు ఆంపియర్లు. 2017 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బండ్లకు పట్టపగలు కూడా హెడ్‌లైట్ వెలుగుతనే ఉంటది, బంద్ చేసే స్విచ్ ఇయ్యలే. నా బండికి ఆ లైటు బ్యాటరీ లైన్ల నుంచే. వచ్చేది చారెడు, పొయ్యేది దోసెడు.

కొత్త ఆర్ఆర్ యూనిట్ వేసినంక కూడా ఇట్ల ఎందుకున్నది? ఇంజన్ల కరెంటు పుట్టిచ్చే కాయిల్ కాలిందా? కాయిల్ మార్చాల్నంటే ఇంజన్ ఎడమ దిక్కు మూత ఇప్పాలె, ఆయిల్ కారుతది, ప్యాకింగ్ మార్చాలె, అంతా కలిపి మూడు వేలకు పైనే అని ఎవరో చెప్పిన్రు. నా గుండె జారింది.

మా గల్లీల ఒక పెద్దాయన ఉంటడు. ఆర్టీసీ డిపోల ఎలక్ట్రీషియన్‌గ చేసి రిటైరయిండు. పెద్దనాయన అని పిలుస్త. రెండు దినాల నుంచి నేను బండి ముంగట కూసునుడు చూస్తనే ఉన్నడు, అడగకుండ సలహా ఇచ్చే మనిషి కాదు. నేనే చాయ్ తీసుకొని పోయి అంతా చెప్పిన.

"ఇప్పటికి ఎన్ని బ్యాటరీలు కొంటివిరా?"

"ఇది మూడోది పెద్దనాయన."

"చెర్వు ఎండిందని కొత్త చెర్వు తవ్వుతవా? కాల్వ ఏడ తెగిందో చూడాలె గదా."

పానగల్ల ఉండేటోనికి ఆ మాట ఇట్టే అర్థమయితది. మా పానగల్ చెరువు ఉదయసముద్రం నిండాల్నంటే ఏఎమ్మార్పీ కాల్వ నీళ్లు రావాలె. బ్యాటరీ ఒట్టి చెరువే. కరెంటు పుట్టేది ఇంజన్ల. లోపల మాగ్నెట్ తిరుగుతుంటె కాయిల్ల కరెంటు పుడతది, మన ఇండ్లల్ల వచ్చినట్టే ఏసీ కరెంటు. అది మూడు పసుపు వైర్లల్ల బయటికొచ్చి ఒక సాకెట్ కాడ కలిసి ఆర్ఆర్ యూనిట్‌కు పోతది. ఆ యూనిట్ చేసేది రెండు పనులు. ఏసీని డీసీ చేస్తది, ఇంకోటి, ఇంజన్ ఎంత గట్టిగ తిరిగినా 14 చిల్లర దాటనియ్యదు. ఎక్కువయిందాన్ని వేడి కింద పారబోస్తది, అందుకే దానికి అల్యూమినియం పక్కటెముకలు ఉంటయి, గాలి తగిలే కాడ పెడతరు.

పెద్దనాయన వచ్చి మీటర్ అడగలే. "బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు రేస్ మీద ఉంచు" అన్నడు. తర్వాత బంద్ చేపిచ్చి, ఆర్ఆర్ యూనిట్ నుంచి వెనకకు వైర్లు పట్టుకుంట వేళ్లతోని తడుముకుంట పోయిండు, నాడి చూసినట్టు. ట్యాంకు కింద, ఫ్రేము సందుల నల్ల రబ్బర్ గొట్టం తొడిగిన కాడ ఆగిండు.

"ఈడ చెయ్యి వెట్టు."

వెట్టిన. చాయ్ గిలాస లెక్క కాలుతున్నది. అటు జానెడు, ఇటు జానెడు వైర్లు మామూలుగనే ఉన్నయి.

గొట్టం వెనకకు జరిపితే లోపల సాకెట్, మెకానిక్‌లు కప్లర్ అంటరు గదా, అది. తెల్లగ ఉండాల్సిన ప్లాస్టిక్ ఒక మూల ముదురు బెల్లం రంగుకు తిరిగింది. గుంజితే ఊడిరాలే. స్క్రూ డ్రైవర్ పెట్టి తిప్పితే పెళపెళమని పెచ్చులు ఊడినయి. మూడు పుల్లలల్ల రెండు బాగున్నయి, జర చిలుము పట్టి పచ్చగున్నయి అంతే. మూడోది బొగ్గయింది. ఆ పసుపు వైరు మీది తొడుగు గట్టిపడి, వంచితే అప్పడం విరిగినట్టు విరిగింది. కాలిన ప్లాస్టిక్ వాసన ఇంకా వస్తనే ఉన్నది.

అప్పుడు మొత్తం గుట్టు తెలిసింది. మూడు వైర్లల్ల ఒకటి తెగితే కరెంటు మొత్తానికే బంద్ కాదు, తక్కువ తక్కువ వస్తది. అందుకే రేస్ మీద 12.9 దాక వచ్చింది. మొత్తం బందయితే ఒక్క పూటల దొరుకుతుండె. కొత్త యూనిట్ వేసిన నాడు పిల్లగాడు అదే సాకెట్ ఊడబీకి మళ్ల నొక్కిండు. ఆ కదిలిచ్చుడుకు కాలిన పుల్లకు ఎక్కడో జర అంటుకొని మూడు దినాలు ఛార్జింగ్ అయింది. నేనేమో 1,100 పెట్టినందుకు బాగయిందనుకున్న. పిల్లగాడు ఆ పుల్లను చూసి ఊకున్నడో, చూడనే లేదో నాకైతే తెల్వదు. అయినా పెచ్చులూడే సాకెట్‌ను చేతుల పట్టుకొని కూడా చెప్పలేదంటే కోపం రాకుండ ఎట్లుంటది?

ఎందుకు కాలింది అంటే పెద్దనాయన చెప్పింది ఇది. సాకెట్ల పుల్ల జర వదులయితే ఆ కాడ కరెంటుకు అడ్డం పడతది. అడ్డం పడ్డ కాడ వేడి పుడతది. వేడికి పుల్ల ఇంకా వదులయితది, ఇంకా వేడెక్కుతది. ఒకసారి షురూ అయితే అది ఆగదు. దానికి తోడు నేను నెలకోసారి వాటర్ సర్వీసింగ్‌కు పోయి ప్రెషర్ పైపుతోని ట్యాంకు కిందంతా కొట్టిచ్చేది. బురద పోతుండె, నీళ్లు సాకెట్లకు పోతుండె.

సాకెట్ మార్చేముందు కాయిల్ బతికుందా లేదా చూసినం. సాకెట్ ఊడదీసి, ఇంజన్ దిక్కు మూడు వైర్లను రెండు రెండు జతలు పట్టి చూడాలె. మీటర్ ఏసీ మీద పెట్టాలె, డీసీ మీద కాదు. స్లోల 19, 19, 20 వచ్చినయి. రేస్ మీద 52, 53, 52. ఎంత వచ్చిందనేది బండి బండికి మారుతది, మూడు జతలు ఒక్క తీరుగ ఉన్నయా లేవా అనేదే ముఖ్యం. ఆ టైముల వైర్ల కొనలు ముట్టొద్దు, 50 వోల్టులు పిల్లాట కాదు. తర్వాత ఇంజన్ బంద్ చేసి ఒక్కో పసుపు వైరుకు, ఇంజన్ బాడీకి నడుమ మీటర్‌ను బీప్ మీద పెట్టి చూసినం. బీప్ రావొద్దు, వస్తే కాయిల్ లోపల బాడీకి అంటుకున్నట్టు. రాలే. నా మూడు వేలు మిగిలినయి.

సాకెట్ కోసం ప్రకాశం బజార్ దిక్కు దేవులాడితే జత 60 రూపాయలకు దొరికింది, పుల్లలతోని సహా. కాలిన వైరును మెరిసే రాగి కనవడే దాక కోసుకుంట పోతే మూడు ఇంచీలు పోయింది, లోపల తీగ అంత దూరం నల్లబారి ఉన్నది. అంతే లావు వైరు ముక్క అతికిచ్చి, సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగినం. ఏ పసుపు వైరు ఏ రంధ్రంల పెట్టాలె అని నేను పరేషాన్ అవుతుంటె పెద్దనాయన నవ్విండు. ఆ మూడింటికి వరుస లేదంట, ఎట్ల పెట్టినా ఒకటేనంట. సగం భయం ఆడ్నే పోయింది. ఆఖరికి బ్యాటరీ బిగిచ్చేటప్పుడు ముందు ప్లస్, తర్వాత మైనస్. ఇప్పేటప్పుడు ముందు మైనస్. పానా పొరపాటున ఫ్రేముకు తగిలినా నిప్పు లేవదు.

స్టార్ట్ చేసి మీటర్ పెట్టినం. స్లోల 13.4. రేస్ మీద 14.2, ఎంత గుంజినా అక్కడ్నే నిలవడ్డది. పెద్దనాయన "ఊ" అని లేచిపోయిండు. పైసలిస్తె తీసుకోలే. మా తోటల నుంచి ఒక సంచెడు బత్తాయిలు పంపిన.

ఇక్కడితోని అయిపోయిందనుకున్న. పది దినాలకు మేనకోడలు పెండ్లికి దేవరకొండ పోయి, బండి ఇంటి కాడ పెట్టి, ఐదో దినం వచ్చి సెల్ఫ్ కొడితే బద్ధకంగ తిరిగింది. స్టార్టయింది గని నా పానం గిలగిల కొట్టుకున్నది. ఛార్జింగ్ చూస్తే 14.2 వస్తనే ఉన్నది. మరి ఏడ పోతున్నది?

తాళం బంద్ చేసి, బ్యాటరీ మైనస్ వైరు ఇప్పి, ఆ వైరుకు మైనస్‌కు నడుమ మీటర్ పెట్టి చూసిన. ఈసారి 10 ఏ రంధ్రం కావాలనే. ఇట్ల పెట్టినప్పుడు సెల్ఫ్ ముట్టొద్దు, మీటర్ మాడుతది. మొదట సున్నకు దగ్గర దగ్గర చూపిచ్చింది, చిన్న లెక్క అది చూడలేదు. తర్వాత ఎర్రది నడిమి రంధ్రానికి మార్చి 200 మిల్లీ మీద పెడితే 38 మిల్లీ ఆంపియర్లు. తాళం తీసి జేబుల ఉన్నది, బండి 38 తాగుతున్నది. ఉండాల్సింది ఒకటో రెండో.

దొంగ హ్యాండిల్ మీదనే ఉన్నడు. మూడేండ్ల కింద పెట్టిచ్చిన ఫోన్ ఛార్జింగ్ పోర్టు. నీలం రంగు అంకెలతోని వోల్టులు కూడా చూపిస్తదని ముచ్చటపడి పెట్టిచ్చిన. పెట్టినాయన తాళం లైనుకు కాకుండ నేరుగ బ్యాటరీకి తగిలిచ్చిండు. రాత్రిపూట ఆ నీలం లైటు వెలుగుతుంటె మంచిగ కనవడుతదనుకున్న గని, అది తింటున్నదని తట్టలే. 38 మిల్లీ అంటే దినానికి దాదాపు 0.9 ఏహెచ్. నా 9 ఏహెచ్ బ్యాటరీ పది దినాలల్ల ఖాళీ. ఛార్జింగ్ సరిగున్నన్ని రోజులు తిరుగుడుల పూడిపోయేది. సాకెట్ కాలినంక పూడలే. ఒకదాని మీద ఒకటి పడి బ్యాటరీల పీక పిసికినయి. సగం ఛార్జ్ మీద నెలల తరబడి ఉంటే పలకల మీద తెల్లగ సల్ఫేట్ పేరుకుంటదంట, అది మళ్ల కరగదు.

ఆ పోర్టు వైరును తాళం వేస్తేనే కరెంటొచ్చే లైనుకు మార్చిచ్చిన, నడుమ చిన్న ఫ్యూజు పెట్టి. ఇప్పుడు తోట కాడ గంటసేపు బేరం చేసి వచ్చేసరికి ఫోన్ ఛార్జ్ ఎక్కకుండనే ఉంటది. రేటు అడుగుదామంటే ఫోన్ బంద్. మార్కెట్ల మా సేటు తిట్టుడు వేరే.

మూడో బ్యాటరీ ఇంకా నడుస్తనే ఉన్నది. పూర్తి బలం రాలే, రాత్రంతా ఉంచితే 12.5 దాటదు. అయినా సెల్ఫ్ తీసుకుంటది. ఇంకో ఆరు నెలలు గుంజితే చాలు.

మెకానిక్ సంచిల వేసి ఇచ్చిన పాత ఆర్ఆర్ యూనిట్‌ను మీటర్ డయోడ్ మోడ్‌ల, అంటే కరెంటు ఒక్క దిక్కే పోతున్నదా అని చూసే కాడ, పెట్టి చూసిన. ప్రతి పుల్ల ఒక దిక్కు 0.5 చూపిస్తది, తిరగేస్తే ఏం చూపియ్యదు. నిక్షేపంగున్నది. ఆ 1,100 ఊరికెనే పోయినయని ఇప్పటికీ కడుపుల మంటనే.

మొన్న మా బావ స్కూటర్ తీసుకొచ్చిండు. హెడ్‌లైట్ బల్బులు తాపకోసారి మాడుతున్నయంట, బ్యాటరీ పక్కలు ఉబ్బినయంట. మీటర్ పెట్టి రేస్ ఇస్తే 15.8. నాకు అందక సచ్చింది, ఆయనకు ఎక్కువై సచ్చింది. కొసకు ఎక్కువయితే ఆపే యూనిటే పోయింది. అటక మీదికెక్కి నా పాతది దించిన, ఎట్లయితే ఏంది పనికొచ్చిందనుకున్న. తగిలిచ్చి చూస్తే సాకెట్ వేరే.